సరిగ్గా 65 వస్తే ఏంటి? రెగ్యులేషన్లను తిరగరాసిన అనుభవం

విజయనగరం చుట్టుపక్కలున్న ఒక విశ్వవిద్యాలయంలో, అకడమిక్ సెక్షన్‌లో నా ఉద్యోగం. పేరు చెప్పను. హాజరు, పరీక్షలు, ప్రమోషన్, రీవాల్యుయేషన్ గురించిన మా రెగ్యులేషన్లను చదివితే అర్థమయ్యే భాషలో తిరగరాసే పని నా నెత్తిన పడింది. ఇలాంటి పనిలో దిగబోయేవాళ్లకు పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బోర్లా పడ్డ చోట్ల గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

కౌంటర్ దగ్గర

డిటైన్ లిస్టు, అంటే హాజరు చాలక పరీక్షలు రాయనివ్వనివాళ్ల పేర్లు, నోటీసు బోర్డుకెక్కిన మర్నాడు మా కౌంటర్ దగ్గర ఎప్పుడూ తిరునాళ్లే. ఆ గుంపులో ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సీతంపేట అవతల ఊరు. తెల్లారకుండా బయల్దేరి, పాలకొండలో బస్సు మారి వచ్చారు. అరవలేదు, బతిమాలలేదు. రెగ్యులేషన్ల జిరాక్స్ కాపీ మడత విప్పి నా ముందు పరిచాడు.

"బాబూ, మా గుంట మూడొందల ఏబయ్యొక్క కలాసులెల్లింది. సాలవన్నారు. ఎన్నెల్లాలో ఈ కాయితంలో ఏడుందో సూపించండి. సూపిస్తే ఎల్లిపోతాం."

లెక్క చూశాను. ఆ సెమిస్టర్‌లో 90 రోజులు, రోజుకు 6 పీరియడ్లు, మొత్తం 540. అమ్మాయి హాజరైనవి 351. అంటే సరిగ్గా 65 శాతం. పాయింటు తర్వాత ఏమీ లేదు.

ఇప్పుడు కాగితం. 75 శాతం హాజరు ఉండాలని ఒక క్లాజు. అనారోగ్యం వల్ల తగ్గితే, "అబౌ 65 అండ్ బిలో 75" ఉన్నవాళ్లకు కండోనేషన్ (హాజరు లోటును మన్నించడం) "మే బి గ్రాంటెడ్" అని దాని కింద ఇంకొకటి. "బిలో 65" ఉంటే "షల్ నాట్ బి కండోన్డ్" అని పేజీ తిప్పాక మరొకటి. 65 కన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ఉన్నారు, తక్కువ ఉన్నవాళ్లు ఉన్నారు. సరిగ్గా 65 ఉన్న మనిషి మా రూల్స్ ప్రకారం భూమ్మీద లేదు.

మరి ఆమెను డిటైన్ చేసిందెవరు? కాలేజీ వాళ్లనడిగితే "లిస్టు సిస్టమ్‌లోంచి వచ్చింది సార్" అన్నారు. సిస్టమ్ చూసేవాళ్లు ప్రోగ్రాం తెరిచి చూపించారు. అక్కడ 65 పక్కన "పెద్దది" గుర్తు ఒక్కటే ఉంది, "సమానం" గుర్తు లేదు. ఆ ప్రోగ్రాం రాసిన కుర్రాడు ఎప్పుడో హైదరాబాద్ వెళ్లిపోయాడు. క్లాజులో "అబౌ" అని కనపడింది, అలాగే కొట్టాడు, అతని తప్పేముంది? పాలకమండలి తీసుకోవాల్సిన నిర్ణయం అతని కీబోర్డు మీద జరిగిపోయింది.

ఫైలు పెట్టాను. అది నాలుగు టేబుళ్లు తిరిగేలోగా పరీక్షలు అయిపోయాయి. ఆ అమ్మాయి సెమిస్టర్ పోయింది. తర్వాత ఎన్ని రాసినా ఆ సంగతిలో మార్పు లేదు.

మొదటి ప్రయత్నం: దస్తావేజు

ఆ ఫైలు మీద పైనుంచి వచ్చిన నోట్ ఒక్క వాక్యం: రెగ్యులేషన్లను విద్యార్థులకు అర్థమయ్యేలా తెలుగులో తేవాలి. నాకు తెలుగు బాగా వచ్చని ఎవరో చెప్పారట. రెండు వారాలు కూర్చుని, ఇంగ్లీషు క్లాజు పక్కన పెట్టుకుని తెలుగు చేశాను. హాజరు క్లాజు నా చేతిలో ఇలా తయారైంది:

"సమిష్టి హాజరులో పది శాతమునకు మించని లోటును, వైద్య కారణములపై, నిర్ణీత రుసుము చెల్లింపునకు లోబడి, కళాశాల విద్యావిషయక సంఘము మాఫీ చేయవచ్చును."

మా సెక్షన్ అటెండర్‌కి చదివి వినిపించాను. ఇరవై ఏళ్లుగా విద్యార్థుల దరఖాస్తులు మోస్తున్న మనిషి. శ్రద్ధగా విని, "భూమి దస్తావేజులాగుంది సార్. సాక్షి సంతకాలెవరివి?" అన్నాడు. అక్కడితో నా తెలుగు మీద నాకున్న గర్వం దిగిపోయింది.

నిజానికి సిగ్గుపడాల్సిన చోటే ఉన్నాను. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ పరీక్షల్లో ఏ భాష ఉండాలన్న వివాదంలో, 1914లో కమిటీ మెజారిటీని కాదని అసమ్మతి పత్రం రాసి ఇచ్చిన గురజాడ అప్పారావు ఈ విజయనగరం మనిషే. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మా దగ్గర దండలు వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ సభ ఆహ్వానపత్రంలో "తమరెల్లరు సాదరముగా ఆహ్వానింపబడుచున్నారు" అని ఉంటుంది. ఆ డ్రాఫ్టులు కూడా కొన్నేళ్లు నేనే రాశాను.

సరే, "బడు"లు తీసేసి, "వలెను"లను "ఆలి" చేసి మళ్లీ మొదలుపెట్టాను. మాటలు తేలికయ్యాయి. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. "లోటును మాఫీ చేయవచ్చును" అన్నంతకాలం నాకే సందేహమూ రాలేదు. "మీ హాజరు ఇంత ఉంటే ఇలా చేయండి" అని రాయబోతే, ఆ "ఇంత" ఎంతో నాకే తెలీదు. నేను రాసిన "పది శాతం లోటు" అంటే 75లోంచి 10 తీసేసి 65 అనా? 75లో పదో వంతు, అంటే 7.5 తీసేసి 67.5 అనా? దరఖాస్తు ఎవరికివ్వాలి? ఎప్పటిలోగా? చివరి విడత కౌన్సెలింగ్‌లో చేరిన పిల్లకి 540 పీరియడ్లూ లెక్కేస్తామా, చేరిన రోజు నుంచి లెక్కేస్తామా? మూడు కాలేజీలకు ఫోన్ చేస్తే మూడు పద్ధతులు చెప్పారు. ముగ్గురూ ఒకే క్లాజు నంబరు చూపించారు.

అనువాదం ఆపేశాను. "ఎవర్నడగాలి" అని పేరు పెట్టి ఒక నోట్‌బుక్ తెరిచాను. వాక్యం తేలిగ్గా రాయడం ఎక్కడ కుదరకపోతే, అక్కడ తేలని నిర్ణయం ఏమిటో అందులో రాసుకుంటూ పోయాను. ఈ పనిలో నాకు దొరికిన ఒకే ఒక్క పనిముట్టు అది. భాష గురించి చదివిన పుస్తకాలన్నీ దాని తర్వాతే.

ఇరవై నాలుగున్నర

నోట్‌బుక్‌లో అన్నిటికన్నా పెద్ద గొడవ తెచ్చింది పాస్ మార్కు. సెమిస్టర్ చివరి పరీక్ష 70 మార్కులకు, కాలేజీ వేసే ఇంటర్నల్ 30కి. పాస్ కావాలంటే చివరి పరీక్షలో 35 శాతానికి తగ్గకూడదు, రెండూ కలిపి 40 శాతానికి తగ్గకూడదు. ఇంజినీరింగ్ పిల్లలందరికీ తెలిసిన రూలే. 70లో 35 శాతం ఎంత? 24.5. మా దగ్గర అర మార్కు వేయరు. మరి 24 వచ్చినవాడు పాసా, ఫెయిలా?

రెగ్యులేషన్లు చూసే మా కమిటీలో ఒక మధ్యాహ్నం మొత్తం దీనికే పోయింది. పరీక్షల విభాగం వాళ్లు "ఎప్పుడూ 24కే పాస్ చేస్తున్నాం" అన్నారు. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు "తగ్గకూడదు అన్నప్పుడు 24 తగ్గినట్టే కదండీ, 25 ఉండాలి" అన్నారు. లెక్క ప్రకారం ఆయనది కరెక్టు. ఏళ్ల తరబడి ఆచారం ప్రకారం వీళ్లది. "35 శాతం అనే ఉంచేద్దాం, ఇప్పటిదాకా ఏ గొడవా రాలేదు కదా" అని మూడో గొంతు లేచింది. అలాంటి గొంతు ప్రతి కమిటీలోనూ ఒకటుంటుంది. చాలాసార్లు నెగ్గేది అదే.

నేను 24కి ఓటేశాను, ఓడిపోయాను. కొత్త బ్యాచ్ నుంచి 25 అని తీర్మానమైంది. పాత ఫలితాల జోలికి వెళ్లొద్దనుకున్నారు. పిల్లలకి ఒక మార్కు నష్టం చేశానన్న బాధ ఉంది. కానీ 25 అని అచ్చులో ఉంటే, 24 వచ్చినవాడికి తన సంగతేమిటో తెలుస్తుంది. పైగా దాన్ని మార్చమని ధర్నా చేయడానికి కూడా ఒక అంకె దొరుకుతుంది.

దానికి ఉదాహరణ రాయడం దగ్గర ఇంకో రగడ. నేను రాసింది ఇది: "చివరి పరీక్షలో 24, ఇంటర్నల్‌లో 28 వస్తే మొత్తం 52. అయినా ఫెయిల్. చివరి పరీక్షలో 25, ఇంటర్నల్‌లో 15 వస్తే మొత్తం 40. పాస్." ఒకాయన ఇది తీసేయమన్నారు. "52 వచ్చినవాడు ఫెయిల్, 40 వచ్చినవాడు పాస్ అని మనమే రాసుకుంటే రూల్ అన్యాయంగా కనిపిస్తుందండీ."

కనిపిస్తుంది నిజమే. రూల్ ముందునుంచీ అదే, ఎవరికీ కనపడలేదంతే. ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలో ఉంటాయి కాబట్టి బయటి పరీక్షలో కనీస మార్కు విడిగా పెట్టారు. ఆ కారణం మంచిదే. దాన్ని కూడా ఒక్క వాక్యంలో ఉదాహరణ కింద రాస్తానన్నాను. కారణం చెప్పడానికి ఒప్పుకున్నాక ఉదాహరణ ఉండిపోయింది. ఇంటర్నల్ మార్కుల కోసం పెట్టే రెండు మిడ్ పరీక్షల లెక్కకీ ఇదే పద్ధతి: ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం అని చెప్పి, 26, 20 వస్తే 20.8కి 4 కలిపి 24.8, దాన్ని 25 చేస్తాం అని చూపించాం. ఒక మిడ్ ఎగ్గొడితే 26, 0 కలిసి 20.8 అవుతుందని పక్కనే పెట్టాం. దాని మీద ఎవరూ పేచీ పెట్టలేదు.

వకీలు గారి మాట

డ్రాఫ్టు స్టాండింగ్ కౌన్సిల్‌కి, అంటే కోర్టులో మా విశ్వవిద్యాలయం తరఫున వాదించే వకీలు గారికి, వెళ్లింది. ఆయన ఎర్ర పెన్నుతో చీల్చేస్తారనుకున్నాను. ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగారు: "తెలుగుకీ ఇంగ్లీషుకీ తేడా వస్తే ఏది నిలబడుతుందో రాశారా?"

రాయలేదు. తెలుగు మన అధికార భాష కదా, 1966 నుంచీ చట్టమే ఉంది కదా అన్నాను. ఆయన ఓపిగ్గా రాజ్యాంగం 348వ అధికరణం విప్పి చెప్పారు. పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేదాకా, చట్టాల కింద జారీ అయ్యే రూల్స్‌కీ రెగ్యులేషన్లకీ ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం. రాష్ట్రం తన భాషలో జారీ చేసుకునే వీలు కల్పించుకున్నా, గెజిట్‌లో వేసిన ఇంగ్లీషు అనువాదమే ప్రామాణికం అవుతుంది. "కాబట్టి మీరు తెలుగు ఎంత చక్కగా రాసినా, కోర్టులో నేను చదివేది ఆ పాత ఇంగ్లీషే" అన్నారు.

ఇది తెలిశాక పని తలకిందులైంది. ముందు ఇంగ్లీషునే బాగు చేయాలి. "నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీథింగ్ కంటెయిన్డ్", "ప్రొవైడెడ్ ఫర్దర్ దట్", "డీమ్డ్ టు హావ్ సాటిస్‌ఫైడ్" అన్నీ విప్పుకుంటూ పోయాం. మినహాయింపులను క్లాజు తోకలోంచి కోసి విడి వాక్యాలు చేశాం. ఏళ్ల తరబడి వచ్చిన సవరణ సర్క్యులర్లన్నీ తెచ్చి అసలు పాఠంలో కలిపాం. ఆ కలిపే పనిలో, ఒకదాన్నొకటి కొట్టేసుకునే సర్క్యులర్లు రెండు జతలు దొరికాయి. రెండూ అమల్లోనే ఉన్నాయి. ఇంగ్లీషు ఒక కొలిక్కి వచ్చాక తెలుగు వారంలో అయిపోయింది.

వకీలు గారు అడ్డుపడతారనుకున్న చోట అడ్డుపడలేదు. "విద్యార్థి" తీసేసి "మీరు" అని రాయడం గురించి మా వాళ్లు "రెగ్యులేషన్ అంటే ఉత్తరమా?" అని ఎద్దేవా చేశారు. ఆయన మాత్రం "మీరు అంటే ఎవరో మొదటి పేజీలో చెప్పేస్తే చాలు" అన్నారు. తెలుగులో దానితో ఇంకో మేలు జరిగింది. విద్యార్థి, విద్యార్థిని, అతడు, ఆమె, "అతడు లేదా ఆమె" అన్న బరువంతా ఒక్క "మీరు"తో దిగిపోయింది.

మాఫీ అంటే

తెలుగు డ్రాఫ్టును హాస్టల్ మెస్‌లోనూ, క్యాంటీన్ దగ్గరా కూర్చుని ఇరవై మంది దాకా పిల్లలతో చదివించాం. అర్థమైందా అని అడగలేదు. అడిగితే అందరూ అయిందనే అంటారు. చిన్న కథ చెప్పి, ఇతని పరిస్థితి ఏంటో చెప్పమన్నాం: "రాముకి 70 శాతం ఉంది, జ్వరం వచ్చింది, డాక్టర్ సర్టిఫికెట్ ఉంది. ఇప్పుడేం చేయాలి?"

"హాజరు మాఫీ" అన్న మాట నేను ఎంతో ముచ్చటపడి పెట్టుకున్నది. సాలూరు నుంచి వచ్చిన కుర్రాడు దాన్ని చదివి, "ఫీజు కట్టక్కర్లేదన్నమాట" అన్నాడు. పక్కవాడూ అదే అన్నాడు. రుణమాఫీ, ఫీజు మాఫీ వింటూ పెరిగిన పిల్లలు. మాఫీ అంటే డబ్బు వదిలేయడమే వాళ్లకి. మా రూల్‌లో చూస్తే మాఫీకి ఎదురు ఫీజు కట్టాలి! చచ్చినట్టు "కండోనేషన్" అనే రాశాం. ఆ మాట కాలేజీ గేటు దాటిన మొదటి నెలలోనే అందరికీ వస్తుంది. "డిటైన్" కూడా అంతే. "తదుపరి సెమిస్టరుకు అర్హత కోల్పోవుదురు" అని రాస్తే ఒకమ్మాయి ఇంక చదువే పోయిందనుకుని భయపడింది. "డిటైన్ అవుతారు" అంటే వాళ్లకే కాదు, వాళ్ల నాన్నలకి కూడా తెలుసు. తేట తెలుగంటే సంస్కృతం తీసేసి అచ్చ తెలుగు పెట్టడం అనుకునేవాళ్లతో నాకు పేచీ అక్కడే. మా పిల్లల తేట తెలుగులో సగం ఇంగ్లీషు మాటలుంటాయి. సప్లీ, బ్యాక్‌లాగ్, క్రెడిట్ అన్నవి వాళ్లు రోజూ అనే మాటలు. వాటికి నేను కొత్త పేర్లు పెడితే అది ఇంకో గ్రాంథికం అవుతుంది.

అయితే తెలిసిన మాటల్లోనూ గోతులున్నాయి. రీకౌంటింగ్‌కీ రీవాల్యుయేషన్‌కీ తేడా చాలామందికి తెలీదు. వేసిన మార్కుల కూడిక మళ్లీ చూడడం మొదటిది, ఇంకొకరితో పేపర్ మళ్లీ దిద్దించడం రెండోది. తెలీక ఒకదానికి బదులు ఇంకోదానికి ఫీజు కట్టేస్తున్నారు. అక్కడ మాటను అలాగే ఉంచి, పక్కనే ఒక వాక్యంలో అర్థం చెప్పాం.

అన్నిటికన్నా దొంగమాట "వచ్చు". "కమిటీ కండోనేషన్ ఇవ్వవచ్చు" అన్నదాన్ని సగం మంది "ఇస్తారు కామోసు" అని చదివారు. ఇంగ్లీషులోని "మే" అన్న మాటకి, ఇచ్చే అధికారం ఉంది, ఇవ్వకపోయే అధికారమూ ఉంది అని అర్థం. ఆ రెండో సగం తెలుగులోకి దిగలేదు. మాట మార్చి లాభం లేదనిపించి, మళ్లీ మా కమిటీకే వెళ్లాం: ఏ కాగితాలుంటే ఇస్తారు, ఎందుకు కాదంటారు? అది తేలాక క్లాజు ఇలా కుదిరింది:

"మీ హాజరు 75 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పరీక్ష రాయొచ్చు. 65 శాతం నుంచి 75 లోపు ఉంటే కండోనేషన్ అడగాలి. సరిగ్గా 65 ఉన్నవాళ్లు కూడా అడగొచ్చు. మెడికల్ సర్టిఫికెట్, ఫీజు రశీదు జతచేసి, క్లాసులు ముగిసిన 5 పనిదినాల్లోగా ఇవ్వాలి. సర్టిఫికెట్‌లోని తేదీలూ, మీరు క్లాసుకు రాని తేదీలూ ఒకటి కాకపోతే కమిటీ కాదనవచ్చు. కాదంటే కారణం రాసి ఇస్తుంది. 65 కన్నా తక్కువ ఉంటే డిటైన్ అవుతారు: ఈ సెమిస్టర్ పరీక్షలు రాయలేరు, దీన్ని మళ్లీ చదవాలి. ఇదివరకు పాసైన సబ్జెక్టులు అలాగే ఉంటాయి. 64.9ని 65గా లెక్కేయం."

పాతదానికన్నా పొడుగైంది. "సులభం చేయమంటే పెంచారేంటి?" అని ఒకరు అడిగారు. పాతదాన్ని చదివాక కౌంటర్ దగ్గర అడగాల్సి వచ్చే ప్రశ్నలన్నీ కలిపి కొలిస్తే ఏది పొడుగో తెలుస్తుందన్నాను. చివరి వాక్యం కఠినంగా ఉందని కూడా అన్నారు. నిజమే, కఠినమైన రూలే అది.

మిగిలినవి

మాల్‌ప్రాక్టీస్ (పరీక్షల్లో కాపీ కొట్టడంలాంటివి) అధ్యాయాన్ని ముట్టుకోలేదు. శిక్షల దగ్గర ఒక మాట మారినా పాత కేసుల్లో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుంటారని వకీలు గారు హెచ్చరించారు. ఆయన మాట కాదనలేకపోయాను. ఫలితంగా, భయంతో వణుకుతూ చదవాల్సి వచ్చే పేజీలే ఇంకా చదవలేని భాషలో ఉన్నాయి. చివరి విడతలో చేరినవాళ్లకి చేరిన రోజు నుంచే లెక్క అని రాయించగలిగాం. ప్రమోషన్‌కి కావాల్సిన క్రెడిట్ల క్లాజు మాత్రం మూడుసార్లు రాసినా నాకు నచ్చలేదు. పట్టిక వేసి వదిలేశాం.

కొత్త రెగ్యులేషన్లు అకడమిక్ కౌన్సిల్ దాటి అమల్లోకి వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ "పెద్దది" గుర్తు అలాగే ఉంది. మార్చాలంటే కంపెనీ కొటేషన్, దానికి ఫైనాన్స్ ఆమోదం, దానికో ఫైలు. ఒక సెమిస్టర్ మొత్తం 65 వాళ్లను చేత్తో వెతికి లిస్టులోంచి తీశాం. రెగ్యులేషన్ మార్చేటప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్లని మొదటి మీటింగ్‌కే పిలవాలని అప్పుడు బుద్ధొచ్చింది.

కౌంటర్ దగ్గర జనం తగ్గారా అంటే, తగ్గలేదు. ఇదివరకు "నేనెందుకు డిటైన్ అయ్యాను" అని వచ్చేవారు. ఇప్పుడు "కారణం రాసి ఇస్తామన్నారు, ఏది?" అని వస్తున్నారు. కాలేజీల వాళ్లకి ఇది అంతగా నచ్చలేదు.

సీతంపేట అమ్మాయి మర్నాటి ఏడు అదే సెమిస్టర్‌లో మళ్లీ చేరింది. చివరి డ్రాఫ్టు చదివినవాళ్లలో ఆమెను కూడా పిలిచాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. హాజరు క్లాజు రెండుసార్లు చదివింది. నేను 65 దగ్గర ఆగుతుందని చూస్తున్నాను. అక్కడ ఆగలేదు.

"ఐదు పనిదినాల్లోగా ఇవ్వాలన్నారు సార్. ఎవరికివ్వాలో లేదు."

నా నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉన్న ప్రశ్న అది. కమిటీలో తేలింది కూడా. రాయడం మర్చిపోయాను. "మీ కాలేజీ అకడమిక్ ఆఫీసులో ఇచ్చి, తేదీ వేసిన రశీదు తీసుకోండి" అని చేర్చాను. రశీదు సంగతి ఆమె చెప్పిందే. కిందటేడు రశీదు అడిగితే నవ్వారట.